ఊపిరికి కావలివాడు

(ఆరోగ్య విజ్ఞాన ప్రసంగము)



రేడియో ముందు కూర్చున్న మీకు మా మాట వినవచ్చుచున్నది గాని, ఆ మాట దేనితో తయారైనదో సాధారణముగా మీ తలపునకు రాదు. మేము రేడియో ఉద్యోగులము. మాటయే మా వృత్తి. ఆ మాట యంతయు మేము లోనికి పీల్చి, పని తీరిన పిమ్మట వెలుపలికి విడుచు గాలియే. స్టూడియోలో ఎర్రదీపము వెలుగుటకు ముందు వార్తలు చదువువాడు కాగితములు సవరించుకొని, ఒక్కసారి నిదానముగా ఊపిరి తీయును. తొందరలో ఆ ఒక్క ఊపిరి తీయక ఆరంభించినచో మూడవ వాక్యము చేరకమునుపే గొంతు వణకును. ఏ పెద్దమనిషి పేరో నడుమ తెగిపోవును. అందుచేత ఊపిరిని గూర్చి మాకు కొంత శ్రద్ధ హెచ్చు.

శ్వాసావయవముల నిర్మాణము, వాని పని నేటి మా ప్రసంగ విషయము. దీనిని బడిపాఠముగా చెప్పి విడుచుట మా ఉద్దేశము కాదు. మన శ్వాసను నడుపు కావలివాడొకడు శరీరములోనే యున్నాడు. మిక్కిలి నమ్మకస్థుడు, రాత్రింబవళ్లు కునుకు తీయడు. కాని అతనికి ఒక లోపమున్నది. ఆ లోపము తెలియక పల్లెలలో పాడుబావులలోను, పట్టణములలో మురుగుగుంటలలోను మనుష్యులు ప్రాణములు పోగొట్టుకొనుచున్నారు. ఒకరు పోవుట మాత్రమే కాదు. ఆ ఒకరిని రక్షింపబోయిన వారును పోవుచున్నారు. ఆ సంగతి మీకు చెప్పవలెనని మా తలపు. ముందుగా గాలి నడచు త్రోవను చూతము; పిమ్మట కావలివాని వద్దకు పోదము.

గాలికి రాజమార్గము ముక్కు. నోరు అవసరమునకు తెరచుకొను దొడ్డిత్రోవ మాత్రమే. ముక్కులోని వెండ్రుకలు దుమ్మును పట్టుకొనును. లోపలి తడిపొర గాలికి చెమ్మనిచ్చును. ఆ పొర క్రింద ప్రవహించు రక్తము చలిగాలిని వెచ్చచేయును. నోటితో పీల్చిన గాలికి ఈ మర్యాదలు అంతగా జరుగవు. అందువలననే నోరు తెరచి నిద్రించిన వానికి తెల్లవారునప్పటికి గొంతు ఎండిపోవును.

గొంతులో ఒక చిక్కున్నది. గాలి పోవు దారియు, అన్నము పోవు దారియు అచ్చట ఒకదాని నొకటి దాటవలెను. ఆ కూడలిలో ఆకువంటి ఒక మూత కలదు. దానికి ఉపజిహ్విక యని పేరు. నోరు తెరచినప్పుడు వ్రేలాడుచు కనిపించు కొండనాలుక వేరు, ఇది వేరు. ముద్ద మ్రింగునప్పుడు ఈ మూత వాలి గాలిదారిని కప్పును. తినుచు మాటలాడినను, నవ్వినను ఈ ఏర్పాటు తడబడి ఒక మెతుకో, నీటిచుక్కో ప్రక్కదారి పట్టును. దీనినే మనము పొలమారుట యందుము. ఎవరో తలచుకొనుచున్నారని ఇంటిలో పెద్దలు నెత్తిమీద తట్టుదురు. తలచుకొన్నవారెవరో మనకు తెలియదు గాని, దగ్గు మాత్రము శరీరము చేసిన మంచిపని. దారితప్పిన దానిని అది బయటికి నెట్టుచున్నది.

ఈ కూడలికి దిగువనే స్వరపేటిక. అందులో రెండు స్వరతంత్రులున్నవి. వెలుపలికి పోవు గాలి వానిని కదల్చును. మగవాని మాటలో ఇవి సెకండుకు సుమారు 100 మొదలు 130 పర్యాయములు, స్త్రీల మాటలో సుమారు 200 పర్యాయములు కంపించును. ఊపిరి తీయుచు మాటలాడ యత్నించి చూడుడు, ఆ మాట ఎట్లుండునో తెలియును. మాట నిశ్వాసమునకు పుట్టిన బిడ్డ.

స్వరపేటిక క్రింద వాయునాళము మొదలగును. దాని నిడివి 11 లేక 12 సెంటీమీటర్లు. నాళము అణగిపోకుండ 16 మొదలు 20 వరకు మృదులాస్థి వలయములు దానికి కట్టుబడియున్నవి. ఇవి నిండు వలయములు కావు, వెనుకవైపు తెరచియుండును. ఆ వెనుకనే అన్నవాహిక యున్నది. పెద్దముద్ద దిగునప్పుడు దానికి చోటిచ్చుటకు ఈ సదుపాయము. రొమ్ములోనికి వచ్చిన పిమ్మట నాళము రెండుగా చీలి ఒక కొమ్మ కుడి ఊపిరితిత్తిలోనికి, ఒక కొమ్మ ఎడమ ఊపిరితిత్తిలోనికి పోవును. కుడిదానికి మూడు తమ్మెలు. గుండెకు చోటు విడిచిన ఎడమదానికి రెండే.

కుడికొమ్మ కొంచెము వెడల్పుగను, నిట్టనిలువుగను ఉండును. తల్లులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. పసివాడు పొరబాటున పీల్చిన వేరుసెనగ పలుకో, చింతగింజయో సాధారణముగా ఈ కుడికొమ్మలోనికే జారిపడును. నాలుగైదేండ్లు నిండని పిల్లలకు పలుకులు, గింజలు చేతికిచ్చి ఆడుకొమ్మని విడుచుట మంచిది కాదు.

ఆ కొమ్మలు మరల చీలును. ఆ చీలినవి మరల చీలును. ఇట్లు సుమారు 23 పర్యాయములు. వేళ్లు పైకి, కొమ్మలు క్రిందికి నుండు అశ్వత్థమును పెద్దలు వర్ణింతురు గదా. అట్టి చెట్టొకటి మన రొమ్ములో నున్నది. దాని చివరి రెమ్మలకు ఆకులకు మారుగా గాలిబుడగలవంటి వాయుకోశములున్నవి. వాని సంఖ్య 30 కోట్లకు తక్కువ కాదు. ఒక్కొక్కదాని వెడల్పు మిల్లీమీటరులో అయిదవ వంతు. ఇవన్నియు విప్పి పరచినచో వైశాల్యము సుమారు 70 చదరపు మీటర్లగును. ఇండ్లస్థలములు కొనువారి లెక్కలో చెప్పవలెనన్న 80 గజములకు పైమాట! ఇంత జాగా రెండు దోసిళ్లంత రొమ్ములో మడచి పెట్టబడియున్నది.

ప్రతి వాయుకోశము చుట్టును సన్నని రక్తకేశనాళికలు వల అల్లినట్లు అల్లుకొనియున్నవి. గాలికిని రక్తమునకును నడుమనున్న గోడ మందము మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. ఈ గోడ గుండ ఆమ్లజని రక్తములోనికి పోవును. బొగ్గుపులుసు గాలి రక్తమునుండి వెలుపలికి వచ్చును. రక్తకణము ఆ గోడప్రక్కన నిలుచు కాలము సెకండులో ముప్పాతిక వంతు మాత్రమే. అందులో మూడవ పాలులోనే పని ముగియును. మిగిలిన వ్యవధి పరుగెత్తు వేళకు, మెట్లెక్కు వేళకు నిలువగా నుంచబడినది.

ఈ గాలిని లోనికి లాగువా రెవరు? ఊపిరితిత్తి యను తెలుగుమాటలోనే తిత్తి యున్నది. కమ్మరి కొలిమి వద్ద తిత్తి నూదుట మనలో చాలమంది చూచినదే. కాని తిత్తికి కమ్మరి చేయి కావలెను. ఊపిరితిత్తులును అంతే, తమంతట తాము ఉబ్బుటకు వానిలో కండలేదు. వానికి కమ్మరి చేయి ఉదరవితానము. రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువలె కప్పియున్న కండరమది. అది ముడుచుకొని క్రిందికి దిగును. ప్రక్కటెముకల నడిమి కండరములు ఎముకలను పైకెత్తును. రొమ్ము లోపలి చోటు పెరుగును. ఆ చోటు నిండుటకు బయటి గాలి చొరబడును. గాలి వచ్చినందువలన రొమ్ము ఉబ్బుట లేదు. రొమ్ము ఉబ్బినందువలన గాలి వచ్చుచున్నది. విడుచునప్పుడు కండరములు సడలిన చాలును, సాగిన రబ్బరువలె ఊపిరితిత్తులు తామే ముడుచుకొనును.

నెమ్మదిగా కూర్చున్న మనిషి నిమిషమునకు 12 మొదలు 16 పర్యాయములు ఊపిరి తీయును. ఒక్కొక్క పర్యాయము సుమారు అర లీటరు గాలి. దినమునకు సుమారు 20,000 ఊపిరులు, 10,000 లీటర్ల గాలి. లోనికి పోవు గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లు. వెలుపలికి వచ్చు గాలిలో అది 16 పాళ్లకు తగ్గును. బొగ్గుపులుసు గాలి సుమారు 4 పాళ్లకు పెరుగును. విడిచిన ఊపిరిలో ఇంకను 16 పాళ్ల ఆమ్లజని యుండునను ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. చివరకు దానితో మనకు పనియున్నది.

ఇక కావలివాని సంగతి. మెదడు వెన్నుపాముగా మారుచోట మజ్జాముఖమను భాగమున్నది. ఊపిరికి తాళము వేయునది అదియే. మనము నిద్రించినను, మరచినను అది మరువదు. మన ఇచ్చకు కొంత లొంగునట్లు కనిపించును. పాటకుడు, ఈతగాడు, ప్రాణాయామము చేయువాడు ఊపిరిని తమ చెప్పుచేతలలో నుంచుకొందురు. కాని సాధారణ మనిషి ఊపిరి బిగబట్టి ఒకటి రెండు నిమిషములు గడచిన పిమ్మట ఇచ్చ ఓడిపోవును. నోరు దానంతట అదే తెరచుకొనును. ఆ ఓటమికి కారణమేమి? ఆమ్లజని తగ్గుటయేనని మనమందరమును అనుకొందుము. అది నిజము కాదు.

1905లో ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని తేల్చిరి. వాయుకోశములలో బొగ్గుపులుసు గాలి పాళ్లు రవ్వంత పెరిగినను శ్వాస ఇనుమడించునని వారు చూపిరి. ఆమ్లజని కొంత తగ్గినను శ్వాస అంతగా చలింపదనియు చూపిరి. దీనికి కారణము ఆ గాలి పేరులోనే యున్నది. పులుసు అనగా ఆమ్లము. బొగ్గుపులుసు గాలి రక్తములో కరగినచో రక్తమునకు పులుపెక్కును. ఆ పులుపును మజ్జాముఖము పసికట్టి, మరింత ఊపిరి తీయుమని ఉత్తరువు చేయును. మనకు కలుగు ఉక్కిరిబిక్కిరి, ఆయాసము, గాలికై తపన చాలవరకు ఈ ఉత్తరువు యొక్క రూపములే.

కావలివాని లోపము ఇదియే. అతడు పోవు దొంగను చూచుచున్నాడు గాని, ఇంటిలోని ధాన్యము నిండుకొన్నదా లేదా యని గాదె తెరచి చూచుటలేదు. సాధారణముగా ఈ రెండును కలసియే యుండును గనుక చిక్కులేదు. ఊపిరి ఆడనిచోట ఆమ్లజని తగ్గును, బొగ్గుపులుసు గాలియు పెరుగును. ఒకదానిని చూచిన చాలును. ఆమ్లజనిని చూచువాడు బొత్తిగా లేడని కాదు. మెడలో, మెదడునకు రక్తము కొనిపోవు ధమని చీలుచోట అట్టి చిన్న ఇంద్రియమొకటి కలదు. అది శ్వాసను ఎట్లు ప్రేరేపించునో కనుగొన్నందుకు బెల్జియము దేశీయుడైన హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. కాని అది మందబుద్ధి. ఆమ్లజని చాల తగ్గినగాని గట్టిగా అరవదు. అది అరచునప్పటికి వినవలసిన మెదడే మసకబారియుండును.

ఇందుకు 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో జరిగిన ఒక విషాదము సాక్ష్యము. ఆ దినము జెనిత్ అను బెలూనులో టిస్సాండియే, క్రోసే స్పినెల్లి, సివెల్ అను మువ్వురు ఆకాశమునకు ఎగసిరి. పైకి పోయినకొలది గాలి పలుచబడునని వారెరుగుదురు. అందుకై ఆమ్లజని సంచులును వెంట తీసికొనిరి. 8,000 మీటర్ల ఎత్తునకు చేరువైనప్పుడు టిస్సాండియే ఆ సంఖ్యను కేకవేసి చెప్పదలచెను, నాలుక కదలలేదు. ఆమ్లజని గొట్టము అందుకొనదలచెను, చేయి లేవలేదు. బాధయు, భయమును ఆయనకు కలుగలేదు. లోలోపల ఒక విధమైన సంతోషము కలిగినదని తరువాత ఆయనయే వ్రాసెను. బెలూను దిగివచ్చునప్పటికి తక్కిన ఇద్దరును మరణించియుండిరి. ప్రాణవాయువు చేతికందు దూరముననే యున్నది. కావలెనన్న తపన మాత్రము పుట్టలేదు.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట యనుకొనరాదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ జబ్బు మన ఇండ్లలో ప్రవేశించినప్పుడు ఈ సంగతియే మరల కనిపించినది. కొందరు రోగులు మంచముపై కూర్చుండి, ఫోనులో బంధువులతో మాటలాడుచు, ఆయాసమేమియు లేదనుచుండిరి. వ్రేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు మాత్రము అంకెను దిగువకు, మరింత దిగువకు చూపుచుండెను. వాయుకోశముల గోడను దాటుటలో బొగ్గుపులుసు గాలికి ఆమ్లజని కంటె సుమారు 20 రెట్లు సులువు. గోడలు చెడినను అది వెలుపలికి పోగలిగినది. ఆమ్లజని లోనికి రాలేకపోయినది. అట్టివారి స్థితికి ఇదియొక ముఖ్యకారణము. రక్తము పులియలేదు గనుక కావలివాడు మేల్కొలుపలేదు. అంకె 94కు దిగినను వైద్యునికి చెప్పవలెనని ఆ దినములలో అంతగా హెచ్చరించుటకు అర్థమిదియే. ఆయాసము లేకుండుట క్షేమమునకు హామీ కాదు.

వేసవిలో ఊరి బావులలో, కాలువలలో పిల్లలు ఎవరెంతసేపు మునిగియుందురో యని పందెములు వేసికొందురు. మునుగుటకు ముందు గబగబ పది పదిహేను ఊపిరులు తీసినచో ఎక్కువసేపు ఉండవచ్చునని వారికెవరో చెప్పుదురు. ఉండవచ్చును, నిజమే. కాని ఆ గబగబ ఊపిరులతో రక్తములో చేరిన ఆమ్లజని స్వల్పము. బయటికి పోయిన బొగ్గుపులుసు గాలి అధికము. కావలివానికి గంతలు కట్టినట్లయినది. పైకి రమ్మని అతడు హెచ్చరించుటకు ముందే ఆమ్లజని నిండుకొని, పిల్లవాడు నీటి క్రిందనే స్పృహ తప్పును. గట్టుననున్న స్నేహితులు పందెము గెలుచుచున్నాడని చప్పట్లు కొట్టుచుందురు. ఈత వచ్చిన పిల్లలున్న తలిదండ్రులు ఈ ఒక్క మాట నేడే వారికి చెప్పవలెనని మా మనవి.

ఇక బావుల సంగతి. పైన చెప్పిన హాల్డేన్ గనులలోని గాలులను పరీక్షించుటలో జీవితమును గడపినవాడు. ఆయన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్, 1957లో మన దేశమునకు వచ్చి ఇచ్చటనే స్థిరపడి 1964లో భువనేశ్వరములో కన్నుమూసిన శాస్త్రజ్ఞుడాయనయే. ఆయన బాలుడుగా నున్నప్పుడు తండ్రి ఒక బొగ్గుగనిలోనికి తీసికొనిపోయి, పైకప్పు క్రింద నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఆంటనీ ప్రసంగమును అప్పగింపుమనెను. పైకప్పు నంటి మీథేను గాలి చేరియున్నది. అందువలన అచ్చట ఆమ్లజని తక్కువ. బాలుడు కొంత చదివెను. రొప్పు ఆరంభమైనదో లేదో కాళ్లు తేలిపోయి నేలపై కూలెను. నేలపై గాలి మంచిది గనుక వెంటనే తేరుకొనెను. మీథేను తేలిక గాలియని ఆ పిల్లవాడు ఆజన్మాంతము మరువని పాఠము నేర్చెను.

ఆ బాలుని బ్రతికించినది అతడు కూలబడిన నేల. పాడుబావిలో పరిస్థితి దీనికి తలక్రిందులు. కుళ్లిన ఆకులు, అలములు బావిలోని ఆమ్లజనిని తినివేసి, బొగ్గుపులుసు గాలిని విడుచును. అది బరువైన గాలి గనుక అడుగున నిలుచును. కూలినవాడు మంచిగాలిలోనికి గాక మరింత చెడ్డగాలిలోనికి కూలును. ఆ గాలి కొద్దిగా నున్నచో కావలివాడు హెచ్చరించును గాని, మితిమీరి యున్నచో హెచ్చరికకును స్పృహ తప్పుటకును నడుమ మెట్లెక్కి రాగల వ్యవధి యుండదు. ఆమ్లజని లేక వట్టి నత్రజని మిగిలిన చోట ఆ హెచ్చరికయు రాదు. దిగినవాడు కొలది ఊపిరులలో ఒరిగిపోవును.

మురుగుగుంటలలో దీనికి తోడు హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చేరును. అది కొద్దిగా నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. హెచ్చుగా నున్నప్పుడు వాసన పట్టు శక్తినే చంపును. కంపు తగ్గినది, ఇక దిగవచ్చు ననుకొన్నవాడు మృత్యువు నోటిలోనికి దిగినవాడే.

2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడు పట్టణములో జరిగిన దానిని వినుడు. ఆంధ్రప్రదేశ్ నుండి కూలికై పోయిన ఇద్దరు కార్మికులు ఒక మురుగుగుంటలో చిక్కుకొనిరి. దారిని పోవు ఒక ఆటో డ్రైవరు వారిని రక్షింపవలెనని దిగెను. వారితో అతనికి చుట్టరికము లేదు, భాషయు ఒకటి కాదు. మువ్వురును మరణించిరి. ఆ డ్రైవరు సాహసమునకు తలవంచని వారుండరు. కాని అంతటి మంచి మనసునకు తోడుగా ఒక త్రాడును, ఒక మాటయు ఉండినచో అతడు బ్రతికియుండెడివాడు గదా యని మనసు కలుక్కుమనును. మనుష్యులను రక్షణలేక మురుగు కాలువలలోనికి, గుంటలలోనికి దింపరాదని 2013లో మన దేశమున చట్టము చేయబడినది. చట్టము పుస్తకములో నున్నది. గుంట పెరటిలో నున్నది. ఆ రెంటికి నడుమ నిలువవలసినవాడు ఇంటి యజమాని.

బావిలో దిగుటకు ముందు లాంతరును త్రాటితో దింపి చూచుట మన పెద్దల అలవాటు. దీపము ఆరినచోట మనిషి దిగరాదు. ఇది సరియైన మాట. కాని దీపము వెలిగినంత మాత్రమున భయము లేదనుట సరికాదు. విషవాయువులను దీపము చెప్పలేదు. మురుగుగుంట వద్దనైతే దీపము, అగ్గిపుల్ల దగ్గరకే రానీయరాదు. అచ్చటి గాలి భగ్గున అంటుకొనవచ్చును.

నిప్పు మాటతో మరియొక గాలి జ్ఞప్తికి వచ్చుచున్నది. చలికాలమున తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారికి, బావిలోనికి దింపిన డీజిలు ఇంజను ప్రక్కన పనిచేయువారికి ముప్పు తెచ్చునది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆమ్లజని కంటె 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకొనును. రక్తము పులియదు గనుక ఇచ్చటను కావలివాడు పలుకడు. తలనొప్పి, మగత, ఆ పిమ్మట మేలుకొనని నిద్ర. హాల్డేన్ సలహాపై బ్రిటిషు గనులలో చిన్న కేనరీ పిట్టలను పంజరములలో తీసికొనిపోవుట అలవాటైనది. 1986 వరకును ఆ ఆచారము సాగినది. మనిషికి తెలియకమునుపే పిట్ట వాలిపోవును. తనకు లేని కావలిని మనిషి పిట్టవద్ద అరువు తెచ్చుకొనెను.

అట్లయిన మనము చేయవలసినదేమి? పాడుబావిలోనికి, ధాన్యపు పాతరలోనికి, మురుగుగుంటలోనికి ఎవరును ఒంటరిగా, త్రాడు లేక దిగరాదు. ముందుగా గాలిని తోడి, మంచిగాలిని లోనికి కొట్టించి, పరికరముతో పరీక్షింపవలెను. మురుగుగుంటకు మనిషిని కాదు, యంత్రమును పిలువవలెను. దిగినవాడు పలుకనిచో వెనుకనే మరియొకడు దిగరాదు. ఇది కఠినమైన మాట. లోపలనున్నవాడు అన్నయో, తండ్రియో, కన్నకొడుకో యైనప్పుడు మరింత కఠినము. కాని వెనుక దిగినవాడు పాపము అతనిని పైకి తేలేడు. తానును అతని ప్రక్కన పడును. 101కో, 112కో కబురుచేసి, పైనుండి గాలిని లోనికి కొట్టుచు, త్రాడుతో లాగుటకు చూడవలెను.

చివరగా, జ్ఞాపకముంచుకొనుమన్న సంగతి. మనము విడిచిన ఊపిరిలో ఇంకను 16 పాళ్ల ఆమ్లజని యున్నది. నీటమునిగి ఊపిరి నిలిచిన పిల్లవాని నోటిలోనికి మరియొకరు తమ ఊపిరి నూది బ్రతికించుట దీనివలననే సాధ్యమగుచున్నది. రొమ్ము నొక్కుట, నోటితో ఊదుట అను ఈ విద్య ఆసుపత్రులలో, రెడ్‌క్రాసు శిక్షణలలో నేర్పుదురు. ఇంటికి ఒక్కరైనను నేర్చుకొనవలెను.

మా పనియు ఒక విధముగా అదియే. విడిచిన ఊపిరినే మాటగా మలచి మీ ఇండ్లకు పంపుచున్నాము. మన కావలివాడు చెప్పలేని మాట యొకటున్నది. దానిని ఒకరికొకరము చెప్పుకొనవలసియున్నది. ఈ వేసవిలో బావి పూడిక తీయించువారు, గుంట శుభ్రము చేయించువారు, పిల్లలను ఈతకు పంపువారు మీ వీధిలో నుందురు. వారి ఇంటిలో రేడియో లేకపోవచ్చును. ఈ సంగతి వారికి మీరు చెప్పుడు.